రెండు మాటల పెద్ద తాళం

మార్తమ్మ చెవుల గురించి మానుకోట పత్తిమిల్లులో చెప్పుకునే మాటల్లో సగం మాత్రమే నమ్మాలి. మిగతా సగం చెప్పేవాళ్ళే నమ్మరు. గోడ అవతల ఎవరైనా టైపు కొడుతుంటే, ఇవతల కూర్చుని ఏ అక్షరం పడిందో చెప్తుందట. డోర్నకల్లో గూడ్సుబండి కూత వేస్తే డ్రైవరు అన్నం తిన్నాడో లేదో చెప్తుందట. ఆమెను చూడవచ్చిన ఒక పెండ్లికొడుకు తనకు బీడీ అలవాటే లేదన్నప్పుడు, అతని జేబులో అగ్గిపెట్టె గలగలమన్న చప్పుడు విని లేచి లోపలికి పోయిందట. ఈ చివరిది మాత్రం నిజమే. ఆ తర్వాత ఆ ఇంటికి పెండ్లికొడుకులు రావడం తగ్గింది. వచ్చిన ఒకరిద్దరు కూడా జేబులు తడుముకుంటూ కూర్చునేవారు.

ఆ చెవులకు పదును పెట్టింది అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కోసం లేచిన ఉద్యమం. అప్పుడు మార్తమ్మ తండ్రి ఎర్రయ్య జనగామ స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. పిల్ల మెట్రిక్ పరీక్షకు కూర్చోవలసిన ఏడాది. బళ్ళు మూతపడ్డాయి, పరీక్షలు ఆగిపోయాయి, రైళ్ళు వస్తే వచ్చినట్టు లేకపోతే లేనట్టు. ఇంట్లో ఉన్న పిల్ల ఊరికే పొయ్యిలో కట్టెలు తోస్తూ కూర్చుంటే ఎర్రయ్యకు తోచలేదు. స్టేషనుకు ఎదురుగా అంజయ్య అనే ముసలాయన నడిపే టైపు స్కూలుకు పంపాడు. అంజయ్యకు చూపు ఆనదు. బయట అరుగు మీద చాయ తాగుతూ లోపలి చప్పుడు వింటూ, "మార్తా, చిటికెనవేలు పడుకున్నది, లేపు" అని కేకేసేవాడు. కండ్లు మూసుకుని వేళ్ళను వినడం మార్తమ్మ అక్కడ నేర్చుకుంది. పోయిన చదువు మళ్ళీ రాలేదు గానీ, ఈ విద్య మాత్రం ఉండిపోయింది.

ఎర్రయ్యకు డోర్నకల్ బదిలీ అయింది. అక్కడే రిటైరై, అక్కడే కాలం చేశాడు. తల్లి రాజమణిని చూసుకుంటూ మార్తమ్మ పొద్దున ప్యాసింజరెక్కి మానుకోటకు పోయి, పత్తిమిల్లులో టైపు కొట్టి, సాయంత్రం బండికి తిరిగి వచ్చేది. ఇట్లా పన్నెండేండ్లు గడిచాక ఎనభై ఎనిమిదిలో మిల్లుకు కంప్యూటరు వచ్చింది.

అది వచ్చిన తీరు ఇప్పటికీ చెప్పుకుంటారు. హైదరాబాదు నుంచి వ్యానులో, కొత్త పెండ్లికూతురిలా బొంతలు చుట్టుకుని వచ్చింది. దానికోసం సేట్ల అద్దాల గదికి చల్లగాలి మిషను పెట్టించారు. మే నెలలో ఆ గది తలుపు సందుకు మొహం ఆనించి నిలబడటానికి హమాలీలు వంతులు వేసుకున్నారు. మిల్లు పిల్లి ఎలుకలను మాని ఆ గడపలోనే కాపురం పెట్టింది. అప్పటినుంచి ఎలుకలే పిల్లిని చూడటానికి వచ్చేవని గేటు కాడి పోశాలు ఒట్టేసి చెప్తాడు.

మిల్లు యజమానులు ఇద్దరన్నదమ్ములు. పెద్దసేటు కైలాసం, చిన్నసేటు ఉపేందర్. వాళ్ళ తండ్రి ఇనప్పెట్టెకు రెండు తాళాలు చేయించి, పోతూపోతూ చెరొక తాళంచెవి చేతిలో పెట్టాడు. ఒకడు లేకుండా ఇంకొకడు తీయలేడు. అది ఇద్దరి మీదా ప్రేమ అని పెద్దసేటు అనేవాడు. ఇద్దరి మీదా అనుమానమని చిన్నసేటు అనేవాడు. ఆ పెట్టె తీసేటప్పుడు తప్ప వాళ్ళు ఒకచోట నిలబడగా చూసినవాళ్ళు తక్కువ.

కంప్యూటరు బిగించడానికి వచ్చిన ఇంజనీరు కోస్తా పిలగాడు. సేట్ల బల్ల మీద అసలు పెట్టె పెట్టి, అక్కడి నుంచి తీగ లాగి, బయట మార్తమ్మ ముందర ఇంకొక తెర పెట్టాడు. తర్వాత అన్నదమ్ములను కూర్చోబెట్టి చెప్పాడు.

"బయట మేడంగారు రోజువారీ పని చేసుకుంటారండీ. ఆవిడకి కొన్ని ప్రోగ్రాములే నడుస్తాయి. కానీ ఈ బల్ల మీద మాత్రం ఇంకో పెద్ద అధికారం ఉంటుందండీ. దాంతో లోపలికెళ్ళినవాణ్ణి ఈ మిషను ఏమీ అడగదు. ఏది నడపమంటే అది నడుపుతుంది, ఏది మార్చమంటే అది మారుస్తుంది. సాయంత్రం ఆపడానికీ అదే అధికారం కావాలి. దానికో రహస్యపు మాట పెట్టుకోండి."

అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకున్నారు.

"ఒక్క మాట ఎట్ల సరిపోతది?" అన్నాడు పెద్దసేటు. "ఇద్దరమున్నం గద."

"ఇనప్పెట్టెకు రెండున్నయి. దీనికి గూడ రెండు పెట్టు" అన్నాడు చిన్నసేటు. తండ్రి పోయిన పదేండ్లలో వాళ్ళు ఏకమైన మాట అదొక్కటే.

ఇంజనీరు నవ్వి, "అయితే పెద్దవారు ముందో మాట కొట్టండి, దాని వెంటనే చిన్నవారు ఇంకో మాట కొట్టండి. రెండూ కలిపి ఒకటే అవుతుంది" అని పెట్టించి బండెక్కాడు.

మిల్లులో దానికి పెద్ద తాళమని పేరుపడింది. రోజూ సాయంత్రం మిషను ఆపే వేళకు మార్తమ్మ అద్దంలోంచి ఆ తతంగం చూసేది. పెద్దసేటు కొడుతుంటే చిన్నసేటు గోడకు తిరిగి నిలబడాలి. చిన్నసేటు కొడుతుంటే పెద్దసేటు తిరగాలి. కొట్టే చేతుల మీద కండువా కప్పాలి. కొట్టిన అక్షరం ఎలాగూ తెర మీద కనబడదు. అయినా కండువా ఉండాల్సిందే. పెద్దసేటు భక్తిపరుడు, తన వంతు మాట తాపీగా చాలాసేపు కొట్టేవాడు. చిన్నసేటు గోడకేసి చూస్తూ, "అయిందా?" అని ఊరికే అడిగేవాడు. నలభై దాటిన మగవాళ్ళు దాగుడుమూతలు ఆడుతుంటే నవ్వు రాకుండా ఉండటానికి మార్తమ్మ పెదవి కొరుక్కునేది.

ఆమె పనల్లా గేటు దగ్గర వచ్చిన బండ్లకు వరుస నంబర్లు ఎక్కించడం. పత్తి కాలంలో తండాల నుంచి, పల్లెల నుంచి బండ్లు తెల్లవారకముందే వచ్చి నిలబడతాయి. ముందొచ్చిన పత్తి ముందు కాంటా ఎక్కాలి. ఆలస్యమైతే మంచులో నానిందని, నల్లబడిందని కొనేవాళ్ళు వంక పెడతారు. పోశాలు గేటులోంచి పేరు కేకేస్తే మార్తమ్మ ఎక్కిస్తుంది. ఒకసారి ఎక్కించాక ఆమె కూడా మార్చలేదు. పెద్ద తాళం తీసినవాళ్ళే మార్చాలి.

డిసెంబరులో ఒక పొద్దున, బాల్‌సింగ్ తండా నుంచి వచ్చిన మంగ్యా బండి అన్నిటికంటే ముందు నిలబడింది. ఒకటో నంబరని మార్తమ్మే ఎక్కించింది. మధ్యాహ్నం కాంటా మొదలయ్యేసరికి మొదట పిలిచింది చిట్యాల లారీని. మంగ్యా పేరు ఎక్కడో వెనక పడింది. ఆ లారీ పెద్దసేటు వియ్యంకునిది. ఆ వారంలో అది ముందుకు దూకడం ఇదే మొదటిసారి కాదు.

మంగ్యా ముల్లుకర్ర పట్టుకునే వచ్చి ఆమె బల్ల ముందు నిలబడ్డాడు.

"అక్కా, నా నంబరు ఎవరు తిన్నరు?"

"నేను ఒకటే ఎక్కించిన, మంగ్యా. ఎట్ల మారిందో నాకెరుక లేదు."

"డబ్బా నీ ముందరనే ఉన్నది. నీకు ఎరుక లేకపోతే మా ఎడ్లకు ఎరుకనా?"

వెనకనుంచి ఇంకెవరో అందుకున్నారు. "ఆ లారీ డ్రైవరు మొన్న వానల ఈమెను స్టేషనుకాడ దించలేదా? మేం చూడలేదా?"

నిజమే, దించాడు. ముసురు పట్టి, రైలుకు వేళ మించిపోతుంటే లారీ ఎక్కింది. తడిసిన చీరకొంగు పిండుకుంటూ దిగింది. అది ఇప్పుడు ఇంతమంది నోళ్ళలో ఇంకోలా మారుతుంటే మార్తమ్మకు చెవులు వేడెక్కాయి.

అరుపులు విని అన్నదమ్ములు ఆమెను అద్దాల గదిలోకి పిలిచారు.

"వరుస మారిందంటే పెద్ద తాళం తీసిండ్రన్నట్టు" అన్నాడు పెద్దసేటు, తాపీగా. "నేను ఒక్కన్ని తీయలేను. తమ్ముడు ఒక్కడు తీయలేడు. మేమిద్దరం కలిసి తీయలే. ఇగ ఎవరు తీసినట్టు?"

"నాకు మీ మాటలు ఎట్ల తెలుస్తయి సేటు? మీరు కండువ కప్పుకుంటరాయె."

"నీకు కండ్లతోని పనేంది? గోడవతల కొట్టిన అక్షరం చెప్తవని మిల్లంత అనుకుంటరు. మధ్యాహ్నం కాయితాలు పెట్టే సాకుతోని ఈ గదిలకు వస్తవు. తమ్ముడు అన్నానికి పోతడు, నేను ఒక కునుకు తీస్త. ఇంకేం కావాలె?"

 చిన్నసేటు వక్కపలుకు నములుతూ ఒకసారి ఆమె చెవులకేసి, ఒకసారి అన్న చేతులకేసి చూశాడు.

"శనివారం దాంక చూస్త" అన్నాడు పెద్దసేటు. "ఒప్పుకుంటే మర్యాదగ పో. లేకుంటే ఎందుకు తీసేసిన్నో బజారంత నేనే చెప్త."

మానుకోట ఎంత ఊరు? ఒక సేటు కాదంటే ఇంకొక సేటు గడప ఎక్కనివ్వడు. పని ఒక్కటే పోతే ఎక్కడో ఒకచోట కూర్చుని టైపు కొట్టుకోవచ్చు. దొంగనంబర్ల మార్తమ్మ అన్న పేరుతో పోతే డోర్నకల్ బండిలో పక్కన కూడా ఎవరూ కూర్చోరు.

ఆమెకు ఎవరి మీద పడితే వాళ్ళ మీద అనుమానం పుట్టింది. పోశాలు పేర్లు తప్పు పిలుస్తున్నాడా అని, అతని కేకలను రెండుసార్లు చెప్పించుకుంది. "మార్తక్కా, నీకు చెముడు వచ్చిందా ఏంది?" అని అతను నవ్వితే, ఆ నవ్వులో ఏముందోనని చూసింది. చిన్నసేటు వక్కపలుకు నమలడం ఆపినప్పుడల్లా ఏదో ఎత్తు వేస్తున్నాడనిపించింది. అన్నను చెడ్డవాణ్ణి చేయడానికి అన్న వియ్యంకుని లారీనే ముందుకు తోస్తున్నాడేమో! అతనికి అన్న మాట తెలిసి ఉంటే? రోజూ సాయంత్రం గోడకు తిరిగినప్పుడు ఆ గోడ మీది దేవుని పటం అద్దంలో ఏమైనా కనబడుతున్నదేమో! ఒక మధ్యాహ్నం కాయితాలు పెట్టే వంకతో పోయి, ఆ పటం ముందు తానే నిలబడి చూసింది. ఆమె మొహమే కనబడింది, దొంగ మొహంలాగానే ఉంది. వెనకనుంచి పెద్దసేటు దగ్గాడు.

"దండం పెట్టుకుంటున్నవా, మార్తమ్మా? మీ దేవుడు వేరే గద?"

ఆ మాట కూడా మిల్లంతా పాకింది. పక్క బల్ల గుమాస్తా తన అన్నం గిన్నె అవతలికి జరుపుకున్నాడు.

ఇంటికి పోతే తల్లి రాజమణి పొయ్యి ముందు నుంచి లేవకుండానే అడిగింది. "బిడ్డా, నిజంగ నువ్వు ఏం చెయ్యలేదా?"

"అవ్వా, నువ్వు గూడనా?"

"నేను అనుకుంటలేను. పాలామె అడిగింది, ఏం చెప్పాల్నో అడుగుతున్న."

మార్తమ్మ ఆ పూట అన్నం తినలేదు. డోర్నకల్లో ఉండే పాలామె ఎట్లా విన్నదో ఆలోచిస్తూ, ఆమె మీద కూడా అనుమానపడింది.

శుక్రవారం మంగ్యా ఇంకో బండి పత్తితో మళ్ళీ అందరికంటే ముందు వచ్చాడు. ఈసారి సేట్ల దగ్గరికి బండ్ల వాళ్ళందరినీ వెంటబెట్టుకుని వచ్చాడు. కాంటా ఆపేశారు.

"సేటు, రెండు మాటలు లేంది గా డబ్బా తెరుచుకోదంటివి" అన్నాడు. "మా కండ్ల ముందర తెరువుండ్రి. ఇద్దరు కొడితెనే తెరుచుకుంటదని చూపిస్తే మీ తప్పు లేదని ఒప్పుకుంటం. ఈ అక్క సంగతి తర్వాత చూస్తం."

పెద్దసేటుకు ఇది నచ్చింది. "రాండ్రి, చూడుండ్రి. మాకు దాచేది ఏం లేదు."

అద్దాల గది తలుపులు బార్లా తెరిచారు. చల్లగాలి అంతా యార్డులోకి పోయింది. ముందు వరుసలో మంగ్యా, అతని వెనక తలపాగాలు, అద్దానికి అతుక్కున్న ముక్కులు. మార్తమ్మను ఒక మూల నిలబెట్టారు. చెవులు మూసుకోమన్నారు. ఆమె రెండు అరచేతులు చెవులకు ఆనించింది. కండ్లు మాత్రం తెరిచే ఉంచింది.

పెద్దసేటు కండువా కప్పుకుని, ఎప్పటిలా తాపీగా, చాలాసేపు కొట్టి లేచాడు. చిన్నసేటు కూర్చున్నాడు. మార్తమ్మ అతని మోచేయి చూసింది. కొట్టేవాడి మోచేయి అట్లా ఆడదు. పిండి పిసికినట్టు ఆడుతోంది. ఏదో తేడా ఉందనుకుంది, ఇతనే దొంగ అనుకుంది, నోరు తెరవబోయింది. అంతలో చిన్నసేటు చివరి మీట నొక్కి, కుర్చీలో వెనక్కి వాలి, ఏదో గెలిచినవాడిలా చేతులు కట్టుకున్నాడు.

మిషను తెరుచుకుంది.

చిన్నసేటు నోట్లో వక్కపలుకు కిందపడింది.

"గిదేంది?" అన్నాడు. తెరను చూశాడు, తన చేతులను చూసుకున్నాడు. "గిదెట్ల తెరుచుకున్నది?"

"రెండు మాటలు కొట్టినం, తెరుచుకున్నది" అన్నాడు పెద్దసేటు గొంతు సవరించుకుంటూ. "ఇగ మూయి."

"నేను నా మాట కొట్టలే!" చిన్నసేటు కుర్చీ తన్నుకుని లేచాడు. "నా మాట లేకపోతే గిది తెరుచుకోదని అందరికి చూపిద్దామని ఉత్తగ మీటల మీద గీకిన! పిచ్చి గీతలు గీకిన! గవి నా మాట కావు!"

అందరికంటే ముందు సంగతి పట్టింది మంగ్యాకు.

"అంటే చిన్నసేటు మాట లేకున్నా తెరుచుకుంటది" అన్నాడు మెల్లగా. "అంటే పెద్దసేటు ఒక్కడే..."

"నోరు ముయ్యి!" అన్నాడు పెద్దసేటు. కానీ అతని కండువా జారి కిందపడింది. తీసుకోవడానికి వంగలేదు.

అప్పటికప్పుడు హైదరాబాదుకు ట్రంకు కాల్ బుక్ చేశారు. కలిసేదాకా ఒక్క బండి కదల్లేదు. ఫోనులో ఇంజనీరు గొంతు అంత దూరం నుంచి కూడా తలుపు దాకా వినబడింది.

"ఏవండీ, అది మొదటి ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలే చూస్తుందండీ! ఆ తర్వాత మీరేం కొట్టినా పట్టించుకోదు. చెప్పలేదా నేను? అయ్యో, చెప్పే ఉంటానండీ!"

చెప్పలేదు. పెద్దసేటు పెట్టుకున్న దేవుని పేరు ఒక్కటే ఎనిమిది దాటి ఇంకా మిగిలిపోయేంత పొడుగు. చిన్నసేటు రోజూ కండువా కింద దాచిదాచి కొట్టిన మాటను మిషను ఒక్కనాడూ వినిపించుకోలేదు. ఇంతకాలం అతను గోడకు తిరిగి నిలబడింది ఉత్తపుణ్యానికే.

"అన్నా" అన్నాడు చిన్నసేటు, ఫోను పెట్టేసి. "నీకు ఎప్పటి నుంచి ఎరుక?"

పెద్దసేటు పిల్లిని చూశాడు, పటాన్ని చూశాడు, ఎటు చూసినా ఒక తలపాగా కనబడుతోంది.

"దసరా నుంచి" అన్నాడు. "నాది కాంగనే చెయ్యి జారి చివరి మీట తాకింది. నువ్వు గోడ దిక్కు చూస్తున్నవు. తెరుచుకున్నది. నువ్వు తిరిగేలోపల మూసిన. నీకు చెప్దామనే అనుకున్న."

"వియ్యంకునికి చెప్పినవు గని నాకు చెప్పలే."

"ఆయన చిట్యాల నుంచి అంత దూరం వస్తడు. యార్డుల నిలబెడితే మర్యాద ఉంటదా?"

"మా మర్యాద మంచుల నానిందా?" అని మంగ్యా ముల్లుకర్ర నేలకు కొట్టాడు. గదంతా ఒక్కసారి అరుపులతో నిండిపోయింది.

ఆ అరుపుల్లో మూలనున్న మార్తమ్మను అందరూ మరిచిపోయారు. ఆమె చెవుల మీది చేతులు తీసి, గది దాటి, తన బల్ల దగ్గరికి పోయి కూర్చుంది. తెర ఆర్పేసింది. అన్నదమ్ములు ఇంటికి పోయి తేల్చుకుంటామన్నారు, బండ్లవాళ్ళు కాంటా మొదలుపెట్టమన్నారు, పోశాలు గేటులోంచి పేర్లు కేకేశాడు. ఆమె చేతులు ఒళ్ళోంచి కదల్లేదు.

చిన్నసేటు వచ్చి, "మార్తమ్మా, నంబర్లు ఎక్కించు. జనం గరం మీదున్నరు" అన్నాడు.

"పెద్దసేటు రావాలె."

"ఆయన ఎందుకు? తప్పు తేలింది గద."

"తప్పు ఆయనదని తేలింది చిన్నసేటు. నాది కాదని ఎవరు చెప్పిండ్రు? బజారంత చెప్తనన్నడు గద. బజారు దాంక వద్దు, ఈ యార్డుల చెప్పమను."

"చెప్పకపోతే?"

"నేను సాయంత్రం బండికి పోత. నంబర్లు మీరే ఎక్కించుకోండ్రి. చెరొక అక్షరం."

చిన్నసేటు వచ్చే నవ్వును బలవంతాన ఆపుకుని లోపలికి పోయాడు. లోపల చాలాసేపు మాటలు నడిచాయి. ఎడ్లు మెడలు విదిలించుకుంటున్నాయి. చివరకు పెద్దసేటు బయటికి వచ్చాడు. కండువా లేని మెడ కొత్తగా, పొట్టు తీసినట్టుగా ఉంది. కాంటా దగ్గర నిలబడి, నేలకు చెప్తున్నట్టు అన్నాడు.

"మార్తమ్మ తప్పు లేదు."

"వినబడలే సేటు" అన్నది మార్తమ్మ, తన బల్ల దగ్గరినుంచే.

ఆమె చెవుల సంగతి తెలిసిన పోశాలుకు ఆపుకోలేనంత నవ్వొచ్చి గేటు వెనక్కి పోయాడు. పెద్దసేటు తలెత్తి, ఈసారి యార్డంతటికీ వినబడేలా అన్నాడు. "మార్తమ్మ తప్పు ఏం లేదు! నంబర్లు నేనే మార్చిన!"

మార్తమ్మ తెర వెలిగించింది. బండ్లన్నీ మళ్ళీ మొదటినుంచి ఎక్కించింది. యార్డు నెమ్మదించింది. కానీ అనుమానం అంత తొందరగా మనుషులను వదిలిపెట్టదు. కాంటా దగ్గర ఒకడు ఇంకొకడి చెవిలో అన్న మాట, మిల్లు చప్పుడులోంచి కూడా ఆమెకు స్పష్టంగా వినబడింది.

"సేటు అంత గట్టిగ చెప్పిండంటే, ఈమె దగ్గర ఆయనది ఇంకేదో ఉన్నట్టున్నది."

ఆమె తలెత్తి అటు చూసింది. అతను తలపాగా సర్దుకుంటూ ఎద్దు వెనక్కి జరిగాడు. అంతలో మంగ్యా వచ్చి బల్ల ముందు చేయి చాపాడు. ఆమె అచ్చయిన చీటీ చింపి ఇచ్చింది. మంగ్యా దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, చదువు వచ్చిన ఒక పిల్లవాణ్ణి ఆపి, "గిది ఎంతుందిరా?" అని అడిగాడు.

"ఒకటి."

మంగ్యాకు ఇంకా నమ్మకం కుదరలేదు. మార్తమ్మకేసి చూశాడు. చూసి కొంచెం సిగ్గుపడ్డాడు.

"పర్వాలేదు మంగ్యా" అన్నది ఆమె, రెండో చీటీకి కాయితం సర్దుతూ. "ఇంకొకనితోని గూడ చదివించుకో. తర్వాతనే బండి తోలుకపో."

అతను నిజంగానే చదివించుకోవడానికి పోయాడు. ఆమె అతని వెనకాల ఉన్నవాణ్ణి పిలిచింది.